కుక్ కౌంటీ ఇంటి పన్ను బిల్లు: ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి?

గోదారిగట్టు | నవంబర్ 20, 2025, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇవాళ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటి పన్ను రెండో వాయిదా బిల్లు వచ్చి ఉంది. 3,605 డాలర్లు, డిసెంబర్ 15 లోపు కట్టాలి. మొదటి వాయిదా కింద మార్చిలో 2,695 కట్టాను. మొత్తం 6,300. నిరుడు ఏడాదంతటికీ కలిపి 4,900 అయింది. ఒక్కసారిగా 1,400 పెరిగింది. ఇంట్లో కొత్తగా ఒక్క మేకు కూడా కొట్టలేదు.

మాది కుక్ కౌంటీలో, షికాగో సిటీలోనే, వాయవ్యం వైపు, పాత ఇటుక ఇల్లు. 2023 ఆగస్టులో కొన్నాం. బిల్లు డైనింగ్ టేబుల్ మీద పరిచి నేనూ మా ఆవిడా ఒక్కో లైనూ చదివాం. సిటీ, స్కూలు బోర్డు, కౌంటీ, అడవుల సంరక్షణ జిల్లా, పార్కుల జిల్లా, కమ్యూనిటీ కాలేజీ, మురుగునీటి జిల్లా... ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. మా నాన్నగారు కాకినాడలో మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి పన్ను కట్టి ఒకే రసీదు తెచ్చుకునేవారు. తేడా వస్తే ఆ కౌంటర్ దగ్గరే నిలబడి అడిగేవారు. ఇక్కడ ఎవరిని అడగాలి? మేయర్‌నా, కౌంటీనా? ఈ పేర్లలో సగం నేనెప్పుడూ వినలేదు.

సిటిజన్‌షిప్ వచ్చాక ఒక్కసారే ఓటేశాను, అదీ ప్రెసిడెంట్ ఎన్నికకి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. బిల్లు చూసిన దగ్గర్నుంచీ ఇదే టెన్షన్.

షాంబర్గ్_పాతకాపు | నవంబర్ 20, 2025, రాత్రి 10:02

గోదారిగట్టు గారూ, నేను 2004 నుంచి ఇదే కౌంటీలో, షికాగో శివారు షాంబర్గ్‌లో ఉంటున్నాను. మొదటి బిల్లు చూసినప్పుడు నేనూ ఇలాగే బెంబేలెత్తాను.

దీన్ని మన ఊరి జాతర చందాలా అర్థం చేసుకోండి. ముందు పెద్దలు కూర్చుని ఈ ఏడు జాతరకు లక్ష రూపాయలు కావాలని తేలుస్తారు. తర్వాత ఎవరి పొలాన్ని బట్టి వాళ్లకు వాటా వేస్తారు. మీ పొలం ధర పెరిగినంత మాత్రాన జాతర ఖర్చు పెరగదు, మీ వాటా మారుతుంది. అందరి ధరా ఒకేలా పెరిగితే వాటాలు కూడా మారవు. కానీ ఊళ్లో పెద్ద రైతు పొలం సగం ఏటికోతకు పోయిందనుకోండి, ఆయన వాటా తగ్గుతుంది, జాతర ఖర్చు మాత్రం తగ్గదు. ఆ తేడా మిగతావాళ్లే పంచుకోవాలి.

ఈసారి సిటీలో జరిగింది అదే. 2024లో షికాగో అంతటా ఆస్తుల విలువలు కొత్తగా కట్టారు. కరోనా తర్వాత డౌన్‌టౌన్‌లో, లూప్ చుట్టుపక్కల ఆఫీసు భవనాలు చాలా ఖాళీ అయ్యాయి. వాటి విలువ పడిపోయింది. ఇళ్ల విలువ పెరిగింది. కౌంటీ ట్రెజరర్ మరియా పప్పాస్ ఆఫీసు ఇచ్చిన లెక్కలో సిటీలో మధ్యస్థంగా ఇంటి బిల్లు 16.7 శాతం పెరిగింది. వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్‌లో అయితే రెట్టింపు దాటింది. అక్కడ ఉండేది చాలావరకు పేద నల్లజాతి కుటుంబాలు. లూప్‌లో ఖాళీ అయిన అద్దాల మేడ భారం వెళ్లి వాళ్ల నెత్తిన పడింది. నా బిల్లు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఎవరిని అడగాలి అన్నారు కదా. గుమ్మాలు చాలానే ఉన్నాయండి. విలువ కట్టేది కౌంటీ అసెసర్. ఆ విలువ మీద అప్పీలు వినేది బోర్డ్ ఆఫ్ రివ్యూ, అందులో ముగ్గురు సభ్యులు. పన్ను రేటు లెక్కగట్టేది కౌంటీ క్లర్క్. వసూలు చేసేది ట్రెజరర్. వీళ్లందరూ విడివిడిగా ఎన్నికైనవాళ్లే. అసలు ఎంత డబ్బు కావాలో తేల్చేది మాత్రం వీళ్లెవరూ కాదు, మీరు బిల్లులో చదివిన ఆ సిటీ, స్కూలు బోర్డు, పార్కుల జిల్లా వగైరా. షికాగోలో పన్నులో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. కాబట్టి విలువ తప్పనిపిస్తే అసెసర్‌ని అడగాలి, మొత్తం ఖర్చే ఎక్కువనిపిస్తే ఆ బోర్డు మీటింగ్‌కి వెళ్లి అడగాలి.

కాకతీయ78 | నవంబర్ 20, 2025, రాత్రి 10:40

పాతకాపు అన్న చెప్పిన జాతర లెక్క బాగుంది. నేను అంకెలు వేసి చూపిస్తాను, గుండుగుత్తగానే.

ఇంటి మార్కెట్ విలువ 3,00,000 డాలర్లు అనుకుందాం. కుక్ కౌంటీలో ఇళ్లకు అందులో 10 శాతం లెక్కలోకి తీసుకుంటారు, వ్యాపార భవనాలకు 25 శాతం. అంటే 30,000. దీన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే ఒక గుణకంతో హెచ్చిస్తారు. అది సుమారు 3 ఉంటుంది. 90,000 వచ్చింది. సొంతింట్లో తామే ఉండేవాళ్లకు ఇందులోంచి 10,000 తీసేస్తారు, అదే హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్. మిగిలింది 80,000. రేటు 7 శాతం అనుకుంటే పన్ను 5,600. ఎగ్జెంప్షన్ లేకపోతే 6,300.

గోదారిగట్టు గారూ, మీ మొత్తం సరిగ్గా 6,300 అన్నారు. నాకెందుకో అనుమానంగా ఉంది. బిల్లు కింది భాగంలో కుడివైపు చూడండి. హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్ పక్కన ఎంతుంది?

గోదారిగట్టు | నవంబర్ 20, 2025, రాత్రి 10:58

సున్నా ఉందండి. మూడుసార్లు చూశాను. 0.00.

ఇల్లు రిజిస్టర్ అయిన రోజు మా తరఫు లాయర్‌ని ఈ మాట ప్రత్యేకంగా అడిగాను. "అది దానంతటదే వచ్చేస్తుంది, మీరేం చెయ్యక్కర్లేదు" అన్నారు. కాగితాలన్నీ మీద పడేసి సంతకాలు పెట్టించుకుంటున్న హడావిడిలో నేనూ నమ్మేశాను. మరి పోయినేడాది బిల్లులో ఎగ్జెంప్షన్ ఉంది కదా? పాత బిల్లు తీసి చూస్తే కనిపిస్తోంది.

కాకతీయ78 | నవంబర్ 20, 2025, రాత్రి 11:10

అది మీది కాదండి, మీకు ఇల్లు అమ్మిన వాళ్లది. ఇక్కడ పన్ను ఒక ఏడాది వెనక నడుస్తుంది. 2024లో మీరు కట్టింది 2023 పన్ను. ఆ ఏడాది మొదట్లో ఇల్లు వాళ్లదే కాబట్టి వాళ్ల ఎగ్జెంప్షన్ మీకు కలిసొచ్చింది. ఇప్పుడు కడుతున్నది 2024 పన్ను. ఒకసారి వచ్చాక ఏటా దానంతటదే కొనసాగుతుంది, నిజమే. కానీ ఇల్లు చేతులు మారితే కొత్త యజమాని మొదటిసారి దరఖాస్తు పెట్టుకోవాలి. మీ 1,400లో 700 దీనివల్లే. మిగిలిన 700 పాతకాపు అన్న చెప్పిన వాటా పెరుగుదల.

కంగారు పడకండి, పోయిన ఏడాదిది కూడా సరిచేయించుకోవచ్చు. సర్టిఫికెట్ ఆఫ్ ఎర్రర్ అని దరఖాస్తు ఉంటుంది, అసెసర్ ఆఫీసుకి పెట్టాలి. ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు చూపించే ఐడీ, కాగితాలు కావాలి. కానీ అది తేలేదాకా బిల్లు ఆపకండి. గడువు దాటితే నెలకు 0.75 శాతం వడ్డీ పడుతుంది. ముందు కట్టేయండి, తర్వాత తిరిగి రాబట్టుకోవచ్చు.

మోడరేటర్ | నవంబర్ 21, 2025, ఉదయం 7:30

ఇద్దరు సభ్యులు బిల్లు ఫోటోలు పెట్టారు. వాటిలో ఇంటి అడ్రసు, 14 అంకెల పిన్ నంబర్ (ఇంటికి కౌంటీ ఇచ్చే నంబర్) కనిపిస్తున్నాయి కాబట్టి తీసేశాను. ఆ నంబర్‌తో ఎవరైనా మీ వివరాలు తీయగలరు. అంకెలు టైప్ చేసి అడగండి, చాలు.

అంబర్‌పేట_అబ్బాయి | నవంబర్ 21, 2025, మధ్యాహ్నం 12:20

నేను హెచ్‌1 మీద ఉన్నాను, రెంట్‌కి ఉంటాను. ఓటూ లేదు, ఇల్లూ లేదు. అయినా నాలుగేళ్ల నుంచి ఈ రాజకీయాలు ఆసక్తిగా చూస్తున్నాను, హైదరాబాద్‌తో పోల్చుకుంటూ.

మన దగ్గర 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగితే 150 డివిజన్లలో పోలింగ్ 46 శాతం చిల్లర. ఇక్కడ 2023 ఫిబ్రవరిలో మేయర్ ఎన్నికకి అంతకంటే తక్కువ, మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. రెండు ఊళ్లలోనూ సగానికి పైగా జనం ఇంట్లోనే కూర్చున్నారు. అది ఒకటే. అధికారం మాత్రం చాలా తేడా. మన దగ్గర మేయర్‌ని కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకుంటారు. అసలు పట్టు కమిషనర్ చేతిలో ఉంటుంది, ఆయన్ని రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది. అందుకే మా గల్లీలో డ్రైనేజీ పొంగితే కార్పొరేటర్ దగ్గరికి పోతాం, ఆయన కమిషనర్‌కి ఫోన్ చేస్తానంటాడు. ఇక్కడ మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, బ్యాలెట్ మీద పార్టీ గుర్తు కూడా ఉండదు. 2023 ఏప్రిల్ రన్‌ఆఫ్‌లో, అంటే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత పోటీలో, బ్రాండన్ జాన్సన్ పాల్ వాలస్ మీద సుమారు 26 వేల ఓట్లతో గెలిచాడు. ఇరవై ఏడు లక్షల మంది ఉన్న ఊరికి అది ఎంత? రెండు మూడు వార్డులు పూర్తిగా కదిలితే తారుమారయ్యేది.

ఇంకోటి. రెంట్‌కి ఉన్నాం కదా మనకేంటి అనుకోకండి ఫ్రెండ్స్. మా ఓనర్ లీజు రెన్యువల్‌కి నెలకు 90 డాలర్లు పెంచుతూ "ట్యాక్స్ పెరిగింది" అని మెయిల్‌లో రాశాడు. ఆ బిల్లు నేనూ కడుతున్నట్టే.

మల్లెపందిరి | నవంబర్ 21, 2025, సాయంత్రం 6:45

అంబర్‌పేట తమ్ముడూ, ఓటు లేదన్నావు కదా, ఒక్క ఓటు ఉంది. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

షికాగో పబ్లిక్ స్కూళ్లలో చాలావాటికి లోకల్ స్కూల్ కౌన్సిల్ అని ఉంటుంది. 1988లో చేసిన చట్టంతో వచ్చింది. దాని ఎన్నికల్లో పిల్లల తల్లిదండ్రులు ఓటెయ్యొచ్చు, సిటిజన్ కానక్కర్లేదు. నిలబడొచ్చు కూడా. నేను 2022లో హెచ్‌4 మీద ఉన్నప్పుడే మా అమ్మాయి స్కూల్లో ఓటేశాను.

ఆ రోజు నాకు ఇంకా గుర్తుంది. పిల్లల రిపోర్ట్ కార్డులు ఇచ్చే రోజే ఎన్నిక కూడా పెట్టారు. జిమ్ హాల్లో మూలగా ఒక మడత బల్ల, దాని మీద అట్టపెట్టె, పక్కన జాబితా పట్టుకుని ఒక పెద్దావిడ. ఐడీ చూపించాను, పేరు వెతికి టిక్ పెట్టింది. పాస్‌పోర్టు అడుగుతుందేమో, వీసా ఏమిటంటుందేమో అని గుండె దడదడలాడింది. ఏమీ అడగలేదు. కాగితం ఇచ్చి "మీకు నచ్చినవాళ్ల పక్కన గుర్తు పెట్టండి" అంది. ఈ దేశంలో నేను వేసిన మొదటి ఓటు అది. ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

2024లో నేనే నిలబడ్డాను. గెలిచాను. కౌన్సిల్‌లో ఆరుగురు తల్లిదండ్రులు, వీధివాళ్ల తరఫున ఇద్దరు, టీచర్లు ఇద్దరు, ఇంకా ప్రిన్సిపాల్ వగైరా ఉంటారు. ప్రిన్సిపాల్‌ని ఎంచుకునేదీ, స్కూలు బడ్జెట్‌కి ఆమోదం తెలిపేదీ ఆ కౌన్సిలే. మొదటి మీటింగ్‌లో నోరు విప్పలేకపోయాను. మూడో మీటింగ్‌లో బడ్జెట్ కాగితంలో లైబ్రరీ టీచర్ పోస్టు సగానికి కోశారని చూసి అడిగాను. గంటన్నర చర్చ జరిగింది. ఆ పోస్టు పూర్తిగా నిలబెట్టుకున్నాం.

ఎన్నిక రెండేళ్లకోసారి వస్తుంది. వచ్చే వసంతంలో మళ్లీ ఉంది. సిటీ స్కూళ్లలో పిల్లలున్న తల్లులు, తండ్రులు నాకు మెసేజ్ పెట్టండి, ఎలా నిలబడాలో నేను చెబుతాను.

నేరేడుచెట్టు | నవంబర్ 21, 2025, రాత్రి 8:30

అందరూ చాలా ఆశగా మాట్లాడుతున్నారు. నేను ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, నాకు అంత నమ్మకం లేదు. కారణాలు చెబుతాను.

ఎడ్ బర్క్ అని 14వ వార్డు ఆల్డర్‌మన్, మన కార్పొరేటర్ లాంటివాడు. 54 ఏళ్లు సిటీ కౌన్సిల్‌లో కూర్చున్నాడు. సిటీ పనుల కోసం వచ్చినవాళ్ల చేత పన్ను అప్పీళ్ల పని తన లా ఆఫీసుకి ఇప్పించుకోవాలని చూశాడని 2023 డిసెంబర్‌లో దోషిగా తేల్చారు. 2024లో రెండేళ్ల జైలు శిక్ష పడింది. మైకేల్ మ్యాడిగన్ 36 ఏళ్లు రాష్ట్ర అసెంబ్లీ స్పీకర్. ఆయన లా ఆఫీసు చేసేదీ పెద్ద భవనాల పన్ను అప్పీళ్లే. వేరే అవినీతి కేసులో ఈ ఏడాది జూన్‌లో ఏడున్నరేళ్ల శిక్ష పడింది. చట్టం చేసేవాళ్లే పన్ను తగ్గించే పని కూడా పెట్టుకుంటే, పాతకాపు గారి జాతర లెక్కలో పెద్ద రైతు వాటా ఎందుకు తగ్గదు చెప్పండి?

పార్కింగ్ మీటర్ల సంగతి ఇంకా ఘోరం. 2008 డిసెంబర్‌లో రిచర్డ్ ఎం. డేలీ మేయర్‌గా ఉండగా సుమారు 36 వేల మీటర్లను 75 ఏళ్ల పాటు ప్రైవేటు వాళ్లకు రాసిచ్చేశారు. సుమారు 115 కోట్ల డాలర్లకి. కాగితాలు కౌన్సిల్ ముందుకు వచ్చిన కొద్ది రోజుల్లోనే 40-5 ఓట్లతో పాస్. తర్వాత ఏడాది సిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్కవేసి, సుమారు 97 కోట్ల డాలర్లు తక్కువకి ఇచ్చేశారని చెప్పారు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో బడ్జెట్ లోటుకే ఊడ్చిపెట్టారు. కొన్నవాళ్లకు పెట్టుబడి ఎప్పుడో తిరిగొచ్చేసింది, ఒప్పందం మాత్రం 2083 దాకా ఉంటుంది. ఇప్పుడు సిటీ ఏదైనా వీధిలో మీటర్లు ఆపితే ఆ కంపెనీకి నష్టపరిహారం లెక్క కట్టాలి. మా మనవడికి డెబ్బై ఏళ్లు వచ్చేదాకా ఈ ఊరి రోడ్డు పక్క జాగా ఈ ఊరిది కాదు. ఆ 40 మందిలో మా వార్డు ఆల్డర్‌మన్ కూడా ఉన్నాడు. నేను ఓటేసినవాడే.

షాంబర్గ్_పాతకాపు | నవంబర్ 21, 2025, రాత్రి 9:20

నేరేడుచెట్టు గారూ, మీరు చెప్పినవన్నీ జరిగినవే, ఒక్కదాన్నీ కాదనను. కానీ ఇదే కౌంటీలో జనం తిప్పికొట్టిన సందర్భాలు కూడా నేను కళ్లారా చూశాను.

2017లో షికాగో ట్రిబ్యూన్ వాళ్లు అసెసర్ ఆఫీసు లెక్కలన్నీ తవ్వి రాశారు. చవక ఇళ్లకు ఉన్నదానికంటే ఎక్కువ విలువ, ఖరీదైన ఇళ్లకు తక్కువ విలువ కడుతున్నారని తేలింది. అంటే పేదవాడు పెద్దవాడి పన్ను కడుతున్నాడు. అప్పటి అసెసర్ జో బెర్రియోస్ కుక్ కౌంటీ డెమోక్రటిక్ పార్టీకి అధ్యక్షుడు కూడా, మామూలు మనిషి కాదు. 2018 మార్చి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో, ఫ్రిట్జ్ కేగీ చేతిలో ఓడిపోయాడు. అప్పటిదాకా అసెసర్ పదవికి పోటీ ఉంటుందని కూడా మా వీధిలో ఎవరికీ పట్టలేదు.

సోడా పన్ను సంగతి కూడా గుర్తుందా? 2016 నవంబర్‌లో కౌంటీ బోర్డు తీపి పానీయాల మీద ఔన్సుకి ఒక సెంటు పన్ను వేసింది, అది 2017 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. బోర్డులో ఓట్లు 8-8 సమానమైతే ప్రెసిడెంట్ టోనీ ప్రెక్‌వింకిల్ ఓటుతో పాసైంది. మా అబ్బాయి పుట్టినరోజుకి కోక్ పన్నెండు డబ్బాల అట్టపెట్టె కొంటే దాని మీద 1 డాలర్ 44 సెంట్లు పన్ను. రసీదు మీద వేరే లైన్‌గా కొట్టి ఇచ్చారు. జనం పక్కనే ఉన్న డ్యూపేజ్ కౌంటీకి వెళ్లి కొనుక్కున్నారు, బోర్డు సభ్యులకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అక్టోబర్‌లో అదే బోర్డు రద్దు చేసింది, డిసెంబర్ 1 నుంచి పోయింది. అది మంచి పన్నా చెడ్డ పన్నా అన్నది వేరే చర్చ. కౌంటీ ఆసుపత్రికి డబ్బు కావాలన్న మాట కూడా నిజమే. కానీ 17 మంది కమిషనర్ల పేర్లు జనం మొదటిసారి తెలుసుకున్నది అప్పుడే.

బిల్లులో ఆ అంకె వేరేగా కనిపించింది కాబట్టే జనానికి కోపం వచ్చింది. ఇంటి పన్నులో ఒక్కో సంస్థకి ఎంత పోతోందో మనం చదవం, అందుకే ఎవరినీ అడగం.

నేపర్‌విల్_నాని | నవంబర్ 21, 2025, రాత్రి 10:05

ఇదంతా చదివాక ఒకటే అనిపిస్తోంది. నేను 2019లో కుక్ కౌంటీ దాటి వచ్చేశాను, హాయిగా ఉన్నాను. మీరూ రండి.

మల్లెపందిరి | నవంబర్ 21, 2025, రాత్రి 10:22

నాని గారూ, మీరు ఎంచుకున్నది మీ కుటుంబానికి మంచిదే అయ్యుండొచ్చు. కానీ మీరు రోజూ డౌన్‌టౌన్‌కి ట్రైన్‌లో వచ్చి పనిచేస్తారు కదా. ఆ ఊరి పోలీసు, ఫైరింజను, మంచినీళ్లు మీరూ వాడుతున్నారు. పెద్ద కంపెనీల మీద ఉద్యోగికి నెలకు 21 డాలర్ల పన్ను వెయ్యాలని మేయర్ అడిగితే సిటీ కౌన్సిల్ ఆర్థిక కమిటీ మొన్ననే తిప్పికొట్టింది. ఆ డబ్బు అక్కడ రాకపోతే ఇంకెక్కడినుంచో తేవాలి. వెళ్లలేనివాళ్లు ఉంటారండి. వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ ముసలమ్మ ఎక్కడికి వెళ్తుంది?

డెవాన్_కొట్టు | నవంబర్ 22, 2025, ఉదయం 8:15

నేను డెవాన్ అవెన్యూలో, గాంధీ మార్గ్ అని బోర్డు ఉండే ముక్కలో చిన్న షాపు నడుపుతున్నాను. పెద్ద విషయాలు నాకు తెలియవు, నా అనుభవం చెబుతాను.

మా షాపు వెనక సందులో వీధి దీపం ఆరిపోయి రెండు నెలలైంది. రాత్రి పదింటికి షట్టర్ వేసి చెత్త పడేయడానికి వెళ్లాలంటే మా పనివాళ్లు ఇద్దరు కలిసి వెళ్లేవారు. 311కి, అంటే సిటీ ఫిర్యాదుల లైనుకి, ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. పది రోజులు చూశాను. తర్వాత ఆ నంబర్ కాగితం పట్టుకుని వార్డు ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "ఇదొక్క దీపమేనా, వరసంతా పోయాయా?" అని అడిగింది. వరసంతా అన్నాను. వారంలో వచ్చి వేసి వెళ్లారు. మొత్తం నాలుగు దీపాలు. ఆ రాత్రి సందంతా తెల్లగా వెలుగుతుంటే మా పనివాడు ఫోటో తీసి అందరికీ పంపాడు.

ఒక్కో ఆల్డర్‌మన్‌కి వార్డులో రోడ్లు, ఫుట్‌పాత్‌లు, దీపాల కోసం ఏటా సుమారు 15 లక్షల డాలర్లు ఇస్తారు. ఎక్కడ ఖర్చు పెట్టాలో చాలావరకు వాళ్లిష్టమే. 49వ వార్డులో 2009లోనే మొదలుపెట్టి, ఆ డబ్బు ఎలా వాడాలో 2010లో వీధి జనం చేత ఓటు వేయించారు, అమెరికాలో అలా చేయడం అదే మొదలు. అందులోనూ సిటిజన్ కానివాళ్లు పాల్గొన్నారు. మన వార్డులో ఎందుకు పెట్టకూడదని అడిగేవాళ్లు కావాలి.

మంచు సంగతి కూడా చెప్పాలి. 1979 జనవరిలో పెద్ద మంచు తుఫాను వస్తే అప్పటి మేయర్ బిలాండిక్ రోడ్లు సకాలంలో తీయించలేకపోయారు. ఆ ఫిబ్రవరి ప్రైమరీలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు. ఈ ఊరికి మొదటి మహిళా మేయర్ ఆవిడే. మా షాపుకొచ్చే ముసలి పోలిష్ కస్టమర్ ఇప్పటికీ మొదటి మంచు పడగానే ఆ కథ చెబుతాడు.

చిత్రావతి | నవంబర్ 22, 2025, మధ్యాహ్నం 2:50

గోదారిగట్టు గారు మొదటి పోస్టులో మురుగునీటి జిల్లా అన్నారు, దాని గురించి ఎవరూ రాయలేదు. నేను సివిల్ ఇంజినీర్‌ని, అందుకే నాకు ఆ లైను చూస్తే గౌరవం.

1900లో షికాగో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పింది ఆ సంస్థే, అప్పటి పేరు వేరు. ఊరి మురుగు మిషిగన్ సరస్సులో కలిసి తాగే నీళ్లు పాడవకుండా, నదిని సరస్సు వైపు కాకుండా అవతలికి పారేలా చేశారు. తర్వాత భూమి లోపల 109 మైళ్ల సొరంగాలు తవ్వారు. కొన్నిచోట్ల మూడు వందల అడుగుల లోతున ఉంటాయి. కుండపోత వాన వచ్చినప్పుడు మురుగూ వాననీరూ కలిసి ఆ సొరంగాల్లోకి, అక్కడి నుంచి థోర్న్‌టన్, మెకుక్ జలాశయాల్లోకి వెళ్తాయి. ఒక్క థోర్న్‌టన్‌లోనే 790 కోట్ల గ్యాలన్లు పడతాయి.

అయినా సరిపోని రోజులున్నాయి. 2023 జులై 2న పడమటి వైపు పడిన వానకి సిసెరో, బెర్విన్, ఆస్టిన్ ప్రాంతాల్లో వేల ఇళ్ల బేస్‌మెంట్లు మునిగాయి. మా ఇంట్లో డ్రెయిన్ లోంచి నీళ్లు బుడబుడమని ఎగదన్నాయి. అట్టపెట్టెల్లో పెట్టిన మా పెళ్లి ఆల్బమ్ తడిసిపోయింది. ఫోటోలు ఒక్కోటీ విడదీసి బట్టలారేసే తాడుకి క్లిప్పులతో ఆరబెట్టాం. సగం మిగిలాయి.

ఆ సంస్థకి తొమ్మిది మంది కమిషనర్లు, ఆరేళ్ల పదవి, కౌంటీ ఓటర్లే ఎన్నుకుంటారు. బ్యాలెట్‌లో బాగా కింద ఉంటారు. అక్కడిదాకా వచ్చేసరికి చాలామంది ఆపేస్తారు. ఇంకా కింద జడ్జీల జాబితా, ఒక్కొక్కరినీ కొనసాగించాలా వద్దా అని. 60 శాతం అవును అంటేనే ఉంటారు. నేను పోలింగ్‌కి ముందురోజు రాత్రి బార్ అసోసియేషన్ల రేటింగులు చూసి కాగితం మీద రాసుకుని వెళ్తాను. గంట పడుతుంది. మా బేస్‌మెంట్ మునిగిన దగ్గర్నుంచి పై నుంచి కింది దాకా ఒక్క గడి కూడా వదలట్లేదు.

నేరేడుచెట్టు | నవంబర్ 22, 2025, సాయంత్రం 5:30

చిత్రావతి గారూ, ఆల్బమ్ సంగతి చదివి మనసు కలుక్కుమంది. నేను నీటి జిల్లా గడి ఎప్పుడూ నింపలేదు, ఒప్పుకుంటున్నాను. ఆ మీటర్ల ఓటు తర్వాత విసుగొచ్చి కింద పేర్లు చదవడమే మానేశాను. మార్చి ప్రైమరీకి మీరు రాసుకున్న కాగితం నాకూ పంపుతారా? ఎవరికి వెయ్యాలో నేనే చూసుకుంటాను, ఎలా వెతకాలో తెలిస్తే చాలు.

చిత్రావతి | నవంబర్ 22, 2025, సాయంత్రం 5:41

తప్పకుండా పంపుతానండి.

గోదారిగట్టు | డిసెంబర్ 6, 2025, రాత్రి 8:05

అందరికీ అప్‌డేట్. బిల్లు మంగళవారమే కట్టేశాను. ఎగ్జెంప్షన్ దరఖాస్తు, 2024కి సర్టిఫికెట్ ఆఫ్ ఎర్రర్ రెండూ పెట్టాను. డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి దస్తావేజు, పాత గ్యాస్ బిల్లు జత చేశాను. అందినట్టు ఈమెయిల్ వచ్చింది, కొన్ని నెలలు పట్టొచ్చని రాశారు. కాకతీయ78 గారూ, మీరు ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే నేను ఏటా 700 డాలర్లు అలాగే కట్టుకుంటూ పోయేవాణ్ణి. మీ మేలు మరచిపోను.

ఇంకో పని కూడా చేశాను. మా వీధిలో మాలాగే 2022 తర్వాత ఇళ్లు కొన్నవాళ్లు నలుగురు ఉన్నారు. ఒక మెక్సికన్ కుటుంబం, ఇద్దరు పోలిష్ వాళ్లు, ఒక కేరళ కుటుంబం. తలుపు తట్టి బిల్లు తెచ్చి చూడమన్నాను. మెక్సికన్ కుటుంబానికి కూడా సున్నానే ఉంది. ఆ ఇంట్లో పెద్దాయన వయసు 71. ఆయనకి సీనియర్ ఎగ్జెంప్షన్ కూడా రావాలి, అదీ లేదు. వాళ్లబ్బాయి, నేను మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపాం. పెద్దాయన పక్కనే నిలబడి తన పిన్ నంబర్ అంకెలు ఒక్కోటీ వేలితో చూపిస్తూ చదివారు.

వచ్చే శనివారం, 13న, ఉదయం పదింటికి డెవాన్‌లో కలుద్దామని డెవాన్_కొట్టు గారు, మల్లెపందిరి గారు అంటున్నారు. బిల్లు ఉన్నవాళ్లు బిల్లు తెచ్చుకోండి. స్కూల్ కౌన్సిల్‌కి నిలబడాలనుకునే తల్లిదండ్రులు కూడా రండి. అంబర్‌పేట తమ్ముడూ, నువ్వూ రా, డెవాన్_కొట్టు గారు చెప్పిన ఆ బడ్జెట్ ఓటు మీ వార్డులో కూడా పెట్టమని ఉత్తరం రాద్దాం. వాయవ్యం వైపు నుంచి వచ్చేవాళ్లకి నా కారులో ఇంకా ఇద్దరికి చోటుంది.

డెవాన్_కొట్టు | డిసెంబర్ 6, 2025, రాత్రి 8:31

టీ నా తరఫున. కారు షాపు వెనక సందులో పెట్టుకోండి, అక్కడ మీటర్లు లేవు, దీపాలు ఉన్నాయి.